పూడ్చిన ఊపిరి

బావ గురక ఆగిపోయింది.

ఆగితే ఇంటిల్లిపాదీ పండగ చేసుకోవాల్సిన సంగతే. అది మామూలు గురక కాదు. ఈ ఇంట్లో దిగిన కొత్తలో పక్కింటావిడ వచ్చి, పిండిమర పెట్టుకున్నారా, పొరుగువాళ్లకేమైనా తగ్గించి ఆడిస్తారా అని అడిగిపోయింది. అలాంటిది ఆగితే గోడలు కూడా ఊపిరి పీల్చుకోవాలి. కానీ వంటింట్లో పొయ్యి మీది టీ గిన్నె కాడ పట్టుకున్న చెవులపిల్లి ఎక్కడున్నది అక్కడే నిలబడిపోయింది.

ఆమెకు ఆ పేరు పెట్టింది బావే. అక్కను చూడ్డానికి మొదటిసారి ఇంటికొచ్చిన రోజున, వీధి మలుపులో బండి ఆపకముందే లోపల్నుంచి ఈ పిల్ల, "అబ్బాయి వస్తున్నాడు, బండికి గొలుసు వదులైంది" అంది. దిగి చూసుకుంటే నిజంగానే వదులైంది. "ఇది మరదలు కాదు, చెవులపిల్లి" అన్నాడు. అదే నిలిచిపోయింది. ఇప్పుడు ఆఫీసులో కూడా ఆమెను ఎవరూ సొంత పేరుతో పిలవరు.

ఓడరేవులో బావ పెద్ద క్రేన్ నడుపుతాడు. రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి, తిని పడుకుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేవడం. ఆ పగలంతా చెవులపిల్లి ఆఫీసులో ఉంటుంది. అతను ఇంట్లో ఉండే సెలవు రోజుల్లో ఆమె చెవుల్లో దూది పెట్టుకుంటుంది. అన్నం పెట్టే చెవులను పిండిమర పాలు చేయకూడదని. అందుకే ఒకే కప్పు కింద ఇన్నేళ్లున్నా బావ నిద్రను ఆమె సరిగ్గా వినలేదు. ఇవాళ ఆఫీసులో కరెంటు తీగలు మారుస్తున్నామని సెలవిచ్చారు. దూది పెట్టుకోలేదు.

ఆమె విన్నది. గురక లేదు. ఊపిరి లేదు. ఆమె కుడిచేతి వేళ్లు గిన్నె కాడ మీదే రెండుసార్లు కదిలాయి. ఆఫీసులో అయితే ఆ వేళ్ల కింద రెండు మీటలు ఉండేవి. పక్కనున్న ఊపిరిని తీయడానికొకటి, ఖాళీలో అతికించడానికొకటి.

అప్పుడు తట్టింది ఆమెకు. గదిలో ఫ్యాన్ వినిపిస్తోంది. బావ వినిపించడం లేదు.

చాలాసేపటికి, ఒక చిన్న నిట్టూర్పు. కుడి ముక్కులోంచి సన్నటి ఈల. మళ్లీ పిండిమర మొదలైంది.

టీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

* * *

చెవులపిల్లి పని శబ్దాలు శుభ్రం చేయడం. మొదట డబ్బింగ్ స్టూడియోలో మాస్టారి దగ్గర చేరింది. నటుడు డైలాగు చెబుతుంటే కుర్చీ కిర్రుమంటుంది, ఎవరో దగ్గుతారు. ఆ ముక్క కోసేయాలి. కోసిన చోట ఏమీ లేకపోతే వినేవాడి చెవికి గతుకు తగులుతుంది. దాన్ని వాళ్లు కన్నం అంటారు. అదే నటుడి ఊపిరి ఒకటి పక్కనుంచి తెచ్చి ఆ కన్నంలో అతికిస్తే చెవి హాయిగా దాటిపోతుంది. మాస్టారు నేర్పిన మొదటి పాఠం అదే: "కన్నం కనిపిస్తే పూడ్చు. ఎందుకు పడిందని విచారణ పెట్టకు. మనం పోలీసులం కాదు."

ఆ విద్యలో గురువును మించిపోయింది. ఆమె పూడ్చిన చోటు ఎక్కడుందో మాస్టారే కనిపెట్టలేకపోయేవాడు.

తర్వాత స్టూడియో పని సన్నగిల్లింది. ఒక కంపెనీ స్టూడియోకు కొత్త పని తెస్తే, మాస్టారే ఒప్పుకుని ఆమెను వాళ్ల ఆఫీసుకు పంపాడు. నిద్రలో కొందరికి ఊపిరి ఆగిపోతుంటుంది. వాళ్లకది తెలియదు. మంచం పక్కన ఫోన్ పెట్టుకుంటే గురక విని ఆ జబ్బును పట్టుకునే యాప్ తయారు చేస్తున్నారు. దానికి వేలమంది నిద్ర శబ్దాలు కావాలి. ఆ శబ్దాల్లో ఫ్యాన్ మోత, వీధి రొద ఉండకూడదు. ఫ్యాన్‌ను ముందే ఒక యంత్రం తీసేసేది. మిగిలిన చెత్త ఏరడం చెవులపిల్లి వంతు. ఆమె శుభ్రం చేసిచ్చాక డాక్టర్లు విని, ఫలానాది జబ్బు, ఫలానాది కాదు అని గుర్తులు పెట్టేవారు. ఆ గుర్తులు చూసి యంత్రం నేర్చుకునేది.

ఆ శబ్దాల నిండా కన్నాలే. గురక, గురక, కన్నం. ఫోన్లు నాసిరకానివి, మధ్యలో శబ్దం మింగేస్తున్నాయి అనుకుంది. కొన్ని నిజంగా మింగాయి కూడా. ఫ్యాన్ చప్పుడు ఉండి ఉంటే తేడా తెలిసేది: ఫోన్ మింగితే ఫ్యాన్ కూడా పోతుంది, మనిషికి ఊపిరి ఆగితే ఫ్యాన్ మిగులుతుంది. కానీ ఫ్యాన్ తీసేసి ఇచ్చేవారు. రెండు నిశ్శబ్దాలూ కవలపిల్లల్లా ఉండేవి. ఆమె వేటినీ విడదీయలేదు. అన్నింటినీ పూడ్చేసింది. ఎంత శ్రద్ధగా పూడ్చిందో!

ఆమె వేగం చూసి ఆఫీసు ఇంజనీరు ముచ్చటపడ్డాడు. ముఖంలో సగం కళ్లజోడే కాబట్టి అందరూ అతన్ని కళ్లజోడు అనే అంటారు. ఆమె ఎక్కడ తీస్తోంది, ఎక్కడ అతికిస్తోంది అని దగ్గర కూర్చుని చూసి, ఆ పని తనంతట తానే చేసే పరికరం రాసి యాప్‌లో పెట్టేశాడు. దానికి చెవులపిల్లి అనే పేరు పెట్టాడు. ఆ రోజు అందరికీ మిఠాయిలు పంచారు.

"ఎంత పొడుగు కన్నం దాకా పూడ్చమంటారు? ఎక్కడో ఒకచోట హద్దు పెట్టాలి కదా" అని అడిగాడు అప్పుడు.

"కన్నానికి చిన్నా పెద్దా ఏమిటి సార్? కనిపిస్తే పూడ్చాల్సిందే" అంది మాస్టారి శిష్యురాలు, మిఠాయి నములుతూ.

* * *

సాయంత్రం బావ లేచి వచ్చాడు. కళ్ల కింద సంచులు. మంచినీళ్ల చెంబు గటగటా ఎత్తేశాడు.

"బావా, నిద్రలో మీకు ఊపిరి ఆగిపోతోంది."

"ఆగిపోతే ఇప్పుడు నీళ్లు తాగుతోంది ఎవరు? నా దయ్యమా?"

"నేను విన్నాను. వంటింట్లోంచి."

"ఏమే," అని అక్కను కేకేశాడు, "మీ చెల్లెలు నన్ను చంపేసింది. వచ్చి ఏడువు."

అక్క అప్పుడే బడి నుంచి వచ్చింది. పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదామెకు. చేతిసంచి కింద పెట్టి ఫోన్ తీసి చూపించింది. తెరమీద ఆకు. నిద్ర బాగుంటే పచ్చగా, అనుమానమైతే పండుటాకులా, ప్రమాదమైతే ఎర్రగా కనిపిస్తుంది. బావది ఎప్పుడూ పచ్చే.

"మీ యాప్ పెట్టమని పోరింది నువ్వు కాదూ? రోజూ మధ్యాహ్నం డబ్బా విప్పుతూ ఇది చెవిలో పెట్టుకుని వింటాను. మొగుడి గురక వింటూ అన్నం తినే ఆడది లోకంలో నేనొక్కదాన్నే అని మా టీచర్లు నవ్వుతారు. ఒక్కసారి కూడా ఆగలేదే!"

ఇంట్లోవాళ్లు దూరంగా ఉన్నా వినే సదుపాయం అందులో ఉంది. అదీ కంపెనీ గొప్పే.

"అందులో ఆగదక్కా. ఆగిన చోట అది వేరే ఊపిరి పెట్టేస్తుంది."

"ఎవరి ఊపిరి?"

"బావదే. ముందు తీసుకున్నదే మళ్లీ."

"ఇదేం గొడవే! ఎవరు పెట్టమన్నారు?"

చెవులపిల్లి తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకుంది. బావ చూసి జాలిపడ్డాడు.

"పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల గురకలు వింటే ఏ చెవికైనా పిచ్చెక్కుతుంది. రెండ్రోజులు సెలవు పెట్టు మరదలా." డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఆవులించాడు. మూడో గుండీ దగ్గర ఆవలింత ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. పగలంతా పడుకుని లేచిన మనిషి.

* * *

మామూలు ఫోన్‌తో రికార్డు చేసినా నమ్మకం లేదు. ఈ రోజుల్లో ప్రతి ఫోనూ తనకు తోచినంత శుభ్రం చేసే ఇస్తుంది. అందుకని మాస్టారింటికి పోయింది. ఆయన అల్మరాలో పాత టేపు రికార్డరు ఉంది. విన్నది విన్నట్టు అప్పజెప్పడం తప్ప దానికి వేరే తెలివి లేదు.

సంగతంతా విని మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

"నేను నీకు నేర్పింది తెరమీద బొమ్మల ఊపిరి అమ్మాయ్. బతికున్నవాళ్ల ఊపిరిని కూడా పూడుస్తావని నేననుకున్నానా?"

"పని తెచ్చింది మీరే కదండీ."

"తెచ్చాను." ఆయన తాళంచెవి ఇచ్చాడు. "ఇప్పుడిది పైకి తెలిస్తే స్టూడియో తలుపులు మూస్తారు. మూయనీ. తీసుకెళ్లు."

మరుసటి రోజు సెలవు పెట్టి, బావ మంచం కింద టేపు రికార్డరు తిప్పింది. ఆ సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి వినిపించింది. పిండిమర మోతకు అక్క నవ్వింది. కన్నం వచ్చింది. ఫ్యాన్ తిరుగుతోంది. ఎక్కడో కాకి అరిచింది. వీధిలో బండి ఒకటి వచ్చి ఆగి, మళ్లీ బయల్దేరి పోయింది. అక్క నవ్వు ఆగింది. ఆమె కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. ఇక ఉండలేక నోరు తెరిచి గాలి పీల్చేసుకుంది. టేపులో ఇంకా ఫ్యానే.

"పీల్చండి" అంది అక్క, టేపు రికార్డరుతో.

నిట్టూర్పు. ఈల. గురక.

బావ మీసం దువ్వుకున్నాడు. "ఇదంతా నేనేనా? భలే బిగబట్టానే! ఈత పోటీకి పోవాల్సింది" అన్నాడు గానీ, అందులో ఉప్పూ కారం లేవు. తర్వాత మెల్లిగా, "ఈ మధ్య పైన క్యాబిన్‌లో ఒకట్రెండు సార్లు కునుకు పట్టింది. పెట్టె గాల్లో ఉంది. కింద మనుషులున్నారు. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

అక్క అతన్ని తిట్టలేదు. చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత పనులు చకచకా నడిచాయి. అన్నీ గోడ దగ్గరికి వెళ్లి ఆగాయి.

బావ టేపు రికార్డరు చంకన పెట్టుకుని రేవు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చి నటించి మరీ చూపించాడు. "డాక్టరు కాసేపు విన్నాడు. 'ఫ్యాన్ బాగా వినిపిస్తోంది, నూనె వెయ్యండి' అన్నాడు. ఫోన్ చూపించమన్నాడు. వేలితో తోస్తూ పోయాడు. అన్నీ పచ్చాకులే. 'ఇంత పచ్చగా పొలం కూడా ఉండదయ్యా, బరువు తగ్గు, పక్కకు తిరిగి పడుకో' అన్నాడు. నేను బతిమాలితే నిద్ర పరీక్షకు పేరు రాశాడు. ఎర్రాకుల వాళ్లంతా అయ్యాక నా వంతట."

"సెలవు పెట్టండి" అంది అక్క.

"ఏమని? ఆకు పచ్చగా ఉంది, మా మరదలు ఎర్రగా వింటోంది అనా?"

చెవులపిల్లి కళ్లజోడు దగ్గరికి వెళ్లింది. టేపులో ఉన్నది యాప్‌కు వినిపించమంది. పచ్చాకు వచ్చింది. పరికరం తీసేసి వినిపించమంది. ఎర్రాకు వచ్చింది. అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయాడు. అది లేని ముఖం ఎవరిదోలా ఉంది.

"పరీక్షల్లో బాగానే పాసైందే ఇది! ఉక్కిరిబిక్కిరై లేచేవాళ్లను ఇట్టే పట్టుకుంటుంది."

"చప్పుడు చేసి లేచేవాళ్లనే పట్టుకుంటుంది సార్. చప్పుడు చేయకుండా ఆగిపోయేవాళ్లని వదిలేస్తుంది. పరీక్షకు పెట్టిన శబ్దాలు శుభ్రం చేసిందెవరు?"

"మీరే."

"మరి?"

"పచ్చి శబ్దాలు ఉంటే మళ్లీ మొదట్నుంచి నేర్పొచ్చు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "కానీ లేవు. శుభ్రం చేయగానే చెరిపేస్తామని జనానికి మాటిచ్చాం. మాట నిలబెట్టుకున్న ఒకే ఒక్క చోటు ఇదే."

"పరికరం తీసేయండి."

"తీస్తే, కన్నమన్నదే ఎప్పుడూ విననిది కాబట్టి, దుప్పటి ముసుగేసుకున్న ప్రతివాడికీ ఎర్రాకే. ఫోన్ బోర్లాపడినా ఎర్రాకే. పైవాళ్లు ఒప్పుకోరు. అయినా అడుగుతాను."

"జనానికి చెప్పండి పోనీ. ఎంతమంది వాడుతున్నారు?"

"ఆ సంఖ్య మీకు తెలియకపోతేనే నయం" అన్నాడు.

అడిగాడు, పాపం. పైవాళ్లు ఆలోచిస్తామన్నారు. ఆలోచన అయ్యేదాకా చెవులపిల్లిని యంత్రం ముందు కూర్చోవద్దన్నారు.

* * *

ఇంట్లో కాపలా మొదలైంది. పని లేదు కాబట్టి పగలంతా చెవులపిల్లి మంచం పక్కనే. కన్నం పడగానే భుజం మీద తడుతుంది. బావ పక్కకు తిరుగుతాడు, గాలి పీలుస్తాడు, నిద్రలోనే తిడతాడు. బడి అయ్యాక అక్క వచ్చి కూర్చుంటుంది. రాత్రి అతను క్రేన్ ఎక్కుతాడు. అక్కడ తట్టేవాళ్లు లేరు.

"క్రేన్ మీదకు కూడా వస్తావా ఏమిటే?" అనేవాడు బావ. "ఆపరేటరూ, ఆపరేటరు మరదలూ. జీతం సగం సగం."

తట్టినప్పుడల్లా నిద్ర చెడుతోంది. అతని కళ్లు ఎర్రబడ్డాయి, ముఖం పీక్కుపోయింది. తట్టకపోతే ఊపిరి పోతుంది, తడితే నిద్ర పోతుంది. ఏది కాపాడుతున్నామో, ఏది చంపుతున్నామో చెవులపిల్లికి అర్థం కావడం మానేసింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. వాళ్లకు పక్కలు కూడా లేవు.

అలాంటి ఒక పొద్దున కళ్లజోడు ఫోన్ చేశాడు. "పైవాళ్లు మీతో మాట్లాడతారట. టేపు తీసుకుని వెంటనే రండి. పరికరం తీసేసే ఆలోచనలో ఉన్నట్టున్నారు."

అప్పుడే బావ డ్యూటీ దిగి వచ్చాడు. అక్క బడికి వెళ్లిపోయింది.

"బావా, మధ్యాహ్నానికి అక్క సెలవు అడిగి వస్తానంది. అందాకా పడుకోకండి."

"కూర్చునే ఉంటాను. తల్లీ, నీ మీద ఒట్టు. వెళ్లు, వెళ్లి ఆ పచ్చాకు ఎండబెట్టు."

కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా గట్టి టీ పెట్టింది. గడప దాటుతుంటే వెనకనుంచి, "మరదలా, గొలుసు వదులైంది చూడు" అన్నాడు. ఆమె వాకిట్లో ఉన్న బండి వైపు చూసింది. "బండిది కాదే. నాది" అని నవ్వాడు.

* * *

ఆఫీసులో పైవాళ్ల గది తలుపు మూసి ఉంది. బయట కూర్చోమన్నారు. టేపు మాత్రం ముందే లోపలికి తీసుకెళ్లారు. కళ్లజోడు పక్కనే కాళ్లూపుతూ కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని ఆమె తన ఫోన్ తీసింది. అక్క పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు. యాప్ తెరిచింది.

నిద్ర నడుస్తోంది అని చూపించింది తెర.

ఒట్టు గట్టు మీద పెట్టి పడుకున్నాడన్నమాట. రాత్రంతా పని చేసి వచ్చినవాణ్ణి కుర్చీ ఎంతసేపు ఆపుతుంది? యాప్ కూడా పెట్టుకున్నాడు, అక్క అలవాటు చేసిన పని కదా. చెవికి పెట్టుకుంది. గురక కాదు. మెత్తటి ఊపిరి. లోపలికి, బయటికి. చివర సన్నటి ఈల.

పచ్చాకు.

ఆ శబ్దం ఎంత హాయిగా ఉందంటే, అంతా తెలిసిన ఆమె భుజాలు కూడా ఒక క్షణం కిందికి జారాయి. పడుకున్నాడు. ప్రశాంతంగా ఉన్నాడు.

లోపలికి, బయటికి. ఈల.

లోపలికి, బయటికి. ఈల.

ఆమె వెన్ను నిటారైంది. ఈల తెగే చోట చిన్న బుడగ చిట్లినట్టు ఒక చప్పుడు ఉంది. తర్వాతి ఊపిరిలోనూ ఉంది. అక్కడే. అంతే. ఆ తర్వాతి దాంట్లోనూ. బతికున్న మనిషి ఒక ఊపిరిని రెండోసారి అలాగే తీయలేడు. అది మాస్టారు చెప్పిన రెండో పాఠం: "ఒకే ఊపిరిని వరసగా అతికించకు, దొరికిపోతావ్. మార్చి మార్చి పెట్టు." కళ్లజోడు రాసిన పరికరానికి ఆ రెండో పాఠం ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"సార్, మీ ఫోన్ ఇవ్వండి."

"ఏమైంది?"

"ఇవ్వండి!"

అతని ఫోన్ నుంచి బావకు రింగ్ చేసింది. తన ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. అక్కడ బావ తలగడ పక్కన ఫోన్ మోగుతూనే ఉండి ఉంటుంది. యాప్‌లో ఆ మోత వినిపించలేదు. మోత చెత్త కాబట్టి దాన్ని ఏరేసింది. ఏరిన చోట కన్నం పడింది. కన్నాన్ని పూడ్చింది.

లోపలికి, బయటికి. ఈల. బుడగ.

"ఎత్తండి బావా. ఎత్తండి. తిట్టండి."

కళ్లజోడుకు అర్థమైంది. అంబులెన్సుకు చేస్తాను అంటూ పక్క బల్ల మీది ఫోన్ అందుకున్నాడు. ఆమె అక్కకు చేసింది. బడి ఇంటికి దగ్గర. "అక్కా, పరిగెత్తు" అని ఒక్క మాటే అంది. అప్పుడే పైవాళ్ల గది తలుపు తెరుచుకుంది. "రండమ్మా, కూర్చోండి, మీ ఆందోళన మేం అర్థం చేసుకోగలం" అంటూ ఎవరో పిలిచారు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆటోలో దారి పొడవునా చెవి నుంచి ఫోన్ తీయలేదు. ఆ ఊపిరి మారుతుందేమో అని. ఒక్కటి, ఒక్కటైనా వేరేలా వస్తుందేమో, బుడగ లేకుండా, ఈల వంకరగా, గురక, దగ్గు, బూతు, ఏదో ఒకటి. లోపలికి, బయటికి. ఎంత శుభ్రంగా ఉందో. ఎక్కడా గతుకు లేదు.

* * *

ఇంటి ముందు అంబులెన్సు ఉంది. అందులో వచ్చిన మనిషి వాకిట్లోనే ఎదురయ్యాడు. తల అడ్డంగా ఊపాడు. "చాలాసేపైందమ్మా. ఒళ్లు చల్లబడింది" అన్నాడు. పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవారగా నిలబడింది.

కుర్చీ ముందు టీ అలాగే ఉంది. మీద మీగడ కట్టింది. బావ మంచం మీద పక్కకు తిరిగి ఉన్నాడు. డాక్టరు చెప్పినట్టే. ఒట్టు వేసినా, అక్క వచ్చేలోపు కాసేపు నడుం వాల్చి లేద్దామనుకున్నాడు కాబోలు, కాలికి ఒక చెప్పు ఉంది.

అక్క మంచం అంచున కూర్చుని ఉంది. చేతులకు సుద్దపొడి. ఆమె ఏడవడం లేదు. తలగడ పక్కనున్న ఫోన్‌ను తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. తన మొగుడి ఊపిరి వినడానికి రోజూ మధ్యాహ్నం ఏ మీట నొక్కుతుందో అదే నొక్కింది. గదిలోకి ఊపిరి వచ్చింది.

లోపలికి, బయటికి. ఈల.

"విను" అంది అక్క. "వాళ్లకేం తెలుసు? నువ్వు చెవులపిల్లివి కదా. విని చెప్పు. ఆడుతోంది కదూ?"

చెవులపిల్లి వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా. అది బావది కాదు."

"ఆయనదే. ఆ ఈల ఆయనది కాక ఎవరిదే? పద్నాలుగేళ్లుగా వింటున్నాను."

"ఆయనదే. కానీ ఇప్పటిది కాదు."

"ఎప్పటిదైతే ఏం? ఆయనదేగా?"

చెవులపిల్లి ఫోన్ తీసుకోబోయింది. అక్క గుండెలకు హత్తుకుంది. తీయనీలేదు. "ఆపకు. నువ్వు ఆపితే నేను ఊరుకోను. నీ చేతులతో ఆపకు."

ఆపలేదు. ఆమె కుడిచేతి రెండు వేళ్లూ ఒళ్లో బిగుసుకుపోయి ఉన్నాయి. జనం వచ్చారు, వెళ్లారు. రేవు నుంచి మనుషులు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. కళ్లజోడు వచ్చి, గడప దగ్గరే ఆ ఊపిరి విని, లోపలికి రాలేక తిరిగిపోయాడు. బావ ఒంటిమీద దుప్పటి కప్పారు. దుప్పటి కదలలేదు. ఫోన్‌లో ఊపిరి ఆగలేదు. ఆకు పచ్చగానే ఉంది.

పొద్దు వాలేవేళకు ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. తెర నల్లబడింది. అక్క దాన్ని చెవికి పెట్టుకుంది, విదిలించింది, మళ్లీ పెట్టుకుంది. చెల్లెలి వైపు చూసింది.

గదిలో ఫ్యాన్ వినిపిస్తోంది.